మన బండికి లాగ్ షీటు ఏదీ?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో గుండెజబ్బు గురించో, షుగరు గురించో ఒక డాక్టరుగారు మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి బండ్ల జబ్బుల గురించి నన్ను చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను డాక్టర్ని కాను. 2004లో ఫోర్‌మన్‌గా రిటైరైన మెకానిక్‌ని. ఉపన్యాసం అలవాటు లేదు. గ్యారేజీలో కుర్రాళ్లకు చెప్పినట్టే చెబుతాను. తప్పులుంటే మన్నించండి.

మనలో చాలామందికి ఇంటి ముందు ఒక పాత బండి ఉంది. కొందరికి అంబాసిడర్, కొందరికి పద్మిని, ఎక్కువమందికి మారుతి 800. పిల్లలు అమ్మేయమంటారు, మనకు మనసొప్పదు. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లో తయారీ ఆగిపోయాయి. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. కార్బురేటరు విప్పి కడగగలిగిన మేస్త్రీలు, పాయింట్లు పెట్టగలిగిన మేస్త్రీలు మనతోపాటే ముసలివాళ్లయ్యారు. ఇప్పటి కుర్రాళ్లు కంప్యూటరు తగిలించి జబ్బు చెబుతారు. మన బండికి అది తగిలించే చోటే లేదు. కాబట్టి దాని మంచిచెడ్డలు చూసుకోవాల్సింది మనమే. అయితే పని తెలిసినంత మాత్రాన బండి బాగుంటుందనుకుంటే పొరపాటు. ఆ పొరపాటు నేనే చేశాను. ముందు అది చెబుతాను.

నాది 1986 మోడల్ పెట్రోల్ అంబాసిడర్. 1994లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2009 డిసెంబరులో మా ఇంటావిడను, ఆరేళ్ల మనవణ్ణి తీసుకుని విశాఖ నుంచి అరకు వెళ్లాను. ఎక్కేటప్పుడు బండి గుర్రంలా ఎక్కింది. మర్నాడు దిగుతున్నాం. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, మిరియాల తీగలు చూపిస్తూ మనవడితో మాటల్లో పడ్డాను. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని వందలమంది డ్రైవర్లకు చెప్పిన నేను మూడో గేరులో, బ్రేకు మీద కాలు వేసుకుని దిగుతున్నాను.

ఒక మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడలు నేలకంటుకుపోయింది. మళ్లీ తొక్కాను. మెత్తగా దిగిందే తప్ప బండి ఆగలేదు. రెండో గేరులోకి లాగాను. ఇంజను అరిచింది. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. కొద్దికొద్దిగా లాగుతూ, ఎడమ పక్క కొండవైపు కాలువలోకి చక్రాలు దింపాను. గట్టును రాసుకుంటూ బండి ఆగింది. మనవడు ఏడవలేదు, అదేదో ఆటనుకున్నాడు. నాకు మాత్రం స్టీరింగు మీద నుంచి చేతులు తీయడానికి కొంతసేపు పట్టింది.

వెనకే వస్తున్న లారీ డ్రైవరు ఆగి, చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. ఓ అరగంట తర్వాత అతను ఎక్కి పెడలు తొక్కి చూసి, "బాబూ, బ్రేకు బాగానే ఉన్నాది కదా!" అన్నాడు. నిజమే, పెడలు మామూలుగా గట్టిగానే ఉంది. అది చూశాకే నాకు జబ్బు తెలిసింది. అప్పుడు మా ఇంటావిడ అడిగింది: "ఏమండీ, ఈ బండికి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?" నేను జవాబు చెప్పలేకపోయాను. "డిపోలో లాగ్ షీటు చూడనిదే బస్సును గేటు దాటనిచ్చేవారు కాదు కదా. మన బండికి లాగ్ షీటు ఏదీ?" అంది. ఆవిడ ముప్పై అయిదేళ్లు గ్యారేజీ కబుర్లు విన్న మనిషి. ఆ మాట నన్ను గట్టు కంటే గట్టిగా తాకింది.

ఇంకో గంట ఆగి, మొదటి గేరులో నడకలా దిగి శృంగవరపుకోట చేరాం. అక్కడ మేస్త్రీ పాత ద్రవం సీసాలోకి తీస్తే కాఫీ డికాషన్‌లా ఉంది.

జరిగిందేమిటో చెబుతాను. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గాని మన కార్లలో పోసేది నూనె కాదు. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. మూత బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3 అని సీసా మీద రాసి ఉండే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నీరు 3.7 శాతం చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డులో బ్రేకు మీద కాలు ఉంచితే డ్రమ్ములు కాలిపోతాయి. ఆ వేడికి లోపలి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. మన కాలి బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, పెడలు గట్టిపడుతుంది. తెలియనివాడు బ్రేకు బాగుందనుకుని మళ్లీ బయలుదేరతాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇంకో సంగతి. పెడలు గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది లైనింగు వేడెక్కి పట్టు కోల్పోవడం. పెడలు మెత్తగా నేలకు దిగితే ద్రవం మరగడమో, కారిపోవడమో. ఈ తేడా గుర్తుంచుకోండి.

నన్ను ఆ రోజు కాపాడింది హ్యాండ్ బ్రేకు. దానికి ద్రవంతో పనిలేదు, కేబుల్‌తో వెనక చక్రాలను పడుతుంది. నెల ముందు మా గేటు వాలులో బండి వెనక్కి జారుతోందని ఇంటావిడ పోరుపెడితే ఆ కేబుల్ బిగించాను. ఆ పోరే లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను.

మిత్రులారా, ఇందులో నాకు సిగ్గనిపించే సంగతి ఒకటుంది. బస్సులకు, లారీలకు ఎయిర్ బ్రేకులు. రోజూ గాలి ట్యాంకు కింది డ్రెయిన్ తిప్పి, చేరిన నీరు వదిలేయాలి. లేకపోతే ఆ నీరు వాల్వుల్లోకి పోయి తుప్పు పట్టిస్తుంది, బ్రేకు చెడుతుంది. నీరు తీయని కుర్రాణ్ణి నేను ఎన్నిసార్లు కేకలేశానో మీలో కొందరికి తెలుసు. గాలి బ్రేకుకైనా, ఆయిల్ బ్రేకుకైనా శత్రువు నీరే. అన్నేళ్లు బస్సుల్లో నీరు తీయించిన నేను నా సొంత బండిలో నీరు పెంచి పోషించాను.

ఊరికి తిరిగొచ్చాక రెండు రూపాయల పెన్ను, ఇరవై రూపాయల నోటు పుస్తకం కొన్నాను. బండి మరమ్మతులో అంతకంటే గొప్ప పనిముట్టు నాకు దొరకలేదు. తేదీ, మీటరు రీడింగు, చేసిన పని, మళ్లీ చేయాల్సిన తేదీ. అంతే. అందులో నేను రాసుకున్నవే మీకు చెబుతున్నాను.

వారానికోసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సమమైన నేల మీద ఇంజనాయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపల నీరు కలుస్తోందన్నమాట. బండి తీయకుండా మేస్త్రీకి చూపించండి. రేడియేటరులో బోరునీళ్లు పోయకండి, ఉప్పుపొర కట్టి దారులు మూసుకుపోతాయి. వేడి మీద మూత మాత్రం ఎవరూ తిప్పకండి. ఒత్తిడి తగ్గిన మరుక్షణం నీరు ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

బ్యాటరీ తీసేటప్పుడు బాడీకి కలిపిన వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు అది చివర బిగించాలి. మన బండ్లలో అది మైనస్. అలా చేస్తే స్పానరు పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు. టెర్మినళ్ల మీద పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజిలిన్ రాయండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది.

టైరు అరిగిందా అని చూస్తాం గాని దాని వయస్సు చూడం. పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైనదని. మన బండ్లు తిరిగేది తక్కువ. టైరు అరగకుండానే ముసలిదైపోతుంది, పగుళ్లు వస్తాయి. చక్రం మార్చాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ ఒకసారి బిగించాలి. కార్లకైనా లారీలకైనా ఇది తప్పదు.

షెడ్డులో ఊరికే ఉన్న బండి బాగుంటుందని అనుకోకండి. వారానికోసారి ఓ పది కిలోమీటర్లు తిప్పండి. ఇంజను బాగా వేడెక్కాలి. తలుపులు మూసిన షెడ్డులో మాత్రం ఇంజను ఆన్ చేసి ఉంచొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. 2025 నాటికి బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ కూడా తేమను పీలుస్తుంది, పాత రకం రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి. గొట్టాలు చేత్తో నొక్కి చూసి, పగిలినవి, మెత్తబడినవి మార్పించండి. పెట్రోలు వాసన వస్తే స్టార్టు చేయొద్దు.

ఇక బ్రేక్ ఆయిల్. రెండేళ్లకోసారి మార్చాలి. మట్టం తగ్గితే పోసి ఊరుకోకండి, ఎక్కడ కారుతోందో వెతకండి. చక్రం లోపలివైపు తడి ఉంటుంది. ఇంజనాయిల్ ఒక్క చుక్క కూడా అందులో పడకూడదు, రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. సీలు విప్పి ఏళ్లైన సీసాలోది వాడొద్దు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. 2009 నుంచి మా ఇంట్లో పెడలు దగ్గర కూర్చునేది మా ఇంటావిడే. "తొక్కు" అంటే తొక్కుతుంది, "పట్టు" అంటే పట్టి ఉంచుతుంది. నేను కింద నిపిలు విప్పి, బుడగలు పోయాక బిగిస్తాను. పని అయ్యాక "ఇంకా మెత్తగానే ఉందండీ" అంటే మళ్లీ మొదటికొస్తాం. ఆవిడ సరేనన్నాకే పుస్తకంలో టిక్కు పడుతుంది. ఈ పని ఎన్నడూ చేయనివాళ్లు మేస్త్రీతోనే చేయించండి, పక్కన నిలబడి చూడండి. బ్రేకు మీద మనం పని నేర్చుకోకూడదు.

ఇంకొక్కటి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరవద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు పెట్టొద్దు, పగులుతాయి. ఇనుప స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకు అడ్డుచెక్కలు వేయాలి. మన వయస్సుకు వంగే పనులు మనవలకు అప్పగించి, పక్కన కుర్చీ వేసుకుని చెప్పడం మేలు.

ప్రైవేటు కారుకు పదిహేనేళ్లు నిండాక ప్రతి అయిదేళ్లకూ రిజిస్ట్రేషను రెన్యూవల్ చేయించుకోవాలి. ఆ తనిఖీకి వెళ్లేముందు ఒకసారి ఈ పుస్తకం తిరగేస్తే అక్కడ కంగారు ఉండదు.

చివరి మాట చెప్పి ముగిస్తాను. ఫోర్‌మన్‌కు అన్నిటికంటే కష్టమైన పని మరమ్మతు కాదు. డ్రైవరు తొందరపెడుతున్నా, ప్రయాణికులు ఎదురుచూస్తున్నా, "ఈ బండి ఈ రోజు వెళ్లదు" అని సంతకం పెట్టడం. పోయిన ఏడాది పుస్తకం రాస్తూ, అన్నీ తనిఖీ చేశాను గాని డ్రైవర్ని చేయలేదే అనిపించింది. రాత్రిపూట ఎదుటి లైట్లు నాకు పూవుల్లా చెదిరి కనబడుతున్నాయి. కాలు బ్రేకు మీదికి వెళ్లడం ఆలస్యమవుతోంది. ఆ రోజు నా చేత్తోనే రాశాను: "డ్రైవరు అన్‌ఫిట్." కింద సంతకం పెట్టి, తాళాలు మనవడికిచ్చాను. ఆనాడు ఘాట్‌లో వెనక సీట్లో కూర్చున్న ఆ పిల్లాడే. ఇప్పుడు వాడు నడుపుతాడు, నేను పక్కన కూర్చుంటాను. దిగుడు వస్తే వాడే ముందుగా గేరు దించుతాడు. పుస్తకం కూడా వాడే రాస్తున్నాడు.

మీరు కూడా ఈ సాయంత్రం ఇంటికెళ్లి ఒక పుస్తకం కొనండి. మొదటి వరుసలో, బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ రాయండి. గుర్తు రాకపోతే, రేపే మార్పించండి.