సంతానం కోసం ఎదురుచూపు: మనసుకు విజ్ఞానశాస్త్రం ఇచ్చే ఆసరా



ఈనాటి పాఠం పేరు చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి ఉంటారు. ఇంకా పెళ్ళే కాని మాకు ఈ సంగతులు ఎందుకని కూడా అనుకుని ఉంటారు. పునరుత్పత్తి వ్యవస్థ గురించి మీరు చదువుకున్నారు. అండం, శుక్రకణం, ఫలదీకరణం, పిండం - బొమ్మ గీసి భాగాలు గుర్తించారు, మార్కులు తెచ్చుకున్నారు. ఆ బొమ్మ చూస్తే ఇదంతా దానంతట అదే, ప్రతిసారీ జరిగిపోయే పని అనిపిస్తుంది. నిజానికి అలా జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. నలభై మంది ఉన్న మీ తరగతి గదిని ఒకసారి తలుచుకోండి. ఈ లెక్కన అందులో ఆరేడుగురు రేపు ఈ దారిలో నడవవలసి రావచ్చు. ఈరోజు మీ ఇంట్లోనే ఒక అక్కో, వదినో, బాబాయో ఆ దారిలో ఉండి ఉండవచ్చు.

నేను డిగ్రీలో జీవశాస్త్రం చదువుతున్న రోజుల్లో మా అక్క ఆ దారిలో ఉంది. పెళ్ళయి అయిదేళ్ళు దాటింది. మొక్కులు, ఉపవాసాలు, ఊరూరా డాక్టర్లు అన్నీ అయ్యాయి. ఒక సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు, చదువుకున్నవాణ్ణి కదా అన్న ధీమాతో, "టెన్షన్ పడకక్కా, ప్రశాంతంగా ఉంటే అదే వస్తుంది" అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అంటే ఇది కూడా నా తప్పేనన్నమాట" అంది. నాకు సమాధానం దొరకలేదు. ఆమెకు ఆ రోజు చెప్పవలసిన సమాధానమే ఈనాటి నా పాఠం.

ముందుగా, ఈ విషయంలో ప్రకృతి ఎంత తక్కువ వ్యవధి ఇస్తుందో గమనించండి. స్త్రీ అండాశయం నుంచి సాధారణంగా నెలకు ఒక అండం విడుదలవుతుంది. అది ఒక్క రోజుకు మించి బతకదు. శుక్రకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల వరకు బతకగలవు. అందువల్ల ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం ఉన్నది అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు, మొత్తం ఆరు రోజులే. ఆ ఆరు రోజుల్లో కలిసినా ఫలదీకరణ జరగాలి, పిండం ఎదగాలి, గర్భాశయం గోడకు అంటుకోవాలి. ఈ మెట్లలో ఏ ఒక్కటి తప్పినా ఆ నెలకు ఏమీ లేనట్టే. ఆరోగ్యంగా ఉన్న యువదంపతులకు కూడా నెలకు నూటికి ఇరవై, ఇరవై అయిదు వంతులకు మించి అవకాశం ఉండదు.

దీన్ని సంభావ్యత లెక్కలో చూద్దాం. ఒక పెట్టెలో అయిదు చీటీలు వేయండి. ఒకదాని మీద మాత్రమే గుర్తు పెట్టండి. నెలకు ఒకసారి కళ్ళు మూసుకుని ఒక చీటీ తీయాలి, చూసి మళ్ళీ అందులోనే వేయాలి. వంద జంటలు ఈ పని మొదలుపెడితే మొదటి నెలలో సుమారు 20 మందికి గుర్తున్న చీటీ వస్తుంది. మిగిలిన 80 మందిలో రెండో నెలలో 16 మందికి వస్తుంది. ఆరు నెలలు గడిచేసరికి 26 జంటలు, సంవత్సరం గడిచేసరికి 7 జంటలు మిగులుతాయి. ఆ ఏడు జంటలు ఏ తప్పూ చేయలేదు. వాళ్ళ పెట్టెలోనూ అందరికీ ఉన్న చీటీలే ఉన్నాయి.

అయితే నిజజీవితంలో సంవత్సరం తరువాత నూటికి ఏడు కంటే ఎక్కువ జంటలు, సుమారు పదిహేను వరకు, మిగులుతాయి. ఎందుకు? అందరి పెట్టెలూ ఒకటి కావు కనుక. కొందరి పెట్టెలో అయిదింటికి ఒక గుర్తు ఉంటే, కొందరి పెట్టెలో యాభైకి ఒకటే ఉంటుంది. అలాంటి వాళ్ళు వంద మంది ఉంటే, సంవత్సరం తరువాత 78 మంది, మూడేళ్ళ తరువాత కూడా 48 మంది ఎదురుచూస్తూనే ఉంటారు. మరికొందరి పెట్టెలో గుర్తున్న చీటీయే ఉండదు. ఉదాహరణకు ఫాలోపియన్ నాళాలు రెండూ పూర్తిగా మూసుకుపోయిన వాళ్ళు.

ఈ లెక్క నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, పెట్టెకు జ్ఞాపకం లేదు. పోయిన నెల రాలేదు కనుక ఈ నెల తప్పకుండా వస్తుందనుకోవడం, లేదా రాలేదు కనుక ఇది ఏదో శిక్ష అనుకోవడం, రెండూ పొరపాటే. రెండు, ఎదురుచూపు పొడుగయిన కొద్దీ మన పెట్టెలో గుర్తున్న చీటీలు తక్కువగా ఉన్నాయేమో చూసుకోవలసిన అవసరం పెరుగుతుంది. అందుకే పన్నెండు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలని వైద్యశాస్త్రం చెబుతుంది. స్త్రీ వయసు ముప్ఫై అయిదు దాటితే ఆరు నెలలకే వెళ్ళడం మంచిది.

ఇక మనసు సంగతికి వద్దాం. దగ్గరివారు పోయిన దుఃఖం కాలం గడిచిన కొద్దీ నెమ్మదిస్తుంది. ఈ దుఃఖం అలా కాదు. నెలనెలా ఆశతో మొదలై నెలనెలా విరిగిపోతుంది. మరునాడే మళ్ళీ మొదటి నుంచి ఆశపడాలి. దీనికి తోడు మన శరీరమే ఒక తమాషా చేస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. గర్భం వచ్చినా రాకపోయినా అది పెరుగుతుంది. దానివల్ల అలసట, రొమ్ములు బరువెక్కడం, పొట్ట ఉబ్బరం కనిపిస్తాయి. ఇవే గర్భం తొలి రోజుల లక్షణాలు కూడా. కనుక ఆ పద్నాలుగు రోజుల్లో ఆశపడిన స్త్రీని వెర్రిబాగులదనకండి. ఆమె శరీరం ఇచ్చిన సంకేతాన్నే ఆమె చదివింది. ఆ సంకేతానికి రెండు అర్థాలున్నాయి, అంతే.

ఈ బాధ ఎంతటిదో కొలిచిన పరిశోధకులున్నారు. 1993లో అమెరికాలో ఆలిస్ డోమార్, ఆమె సహచరులు సంతానలేమితో బాధపడే స్త్రీల మానసిక స్థితిని ఇతర రోగులతో పోల్చి చూశారు. వీళ్ళలో ఆందోళన, కుంగుబాటు క్యాన్సరు రోగుల్లో ఉన్న స్థాయిలోనే ఉన్నాయని తేలింది. క్యాన్సరు వచ్చిన మనిషిని "ఎందుకంత దిగులు?" అని మనం అడగం. వీళ్ళను మాత్రం అడుగుతాం.

ఇప్పుడు నేను మా అక్కకు చెప్పిన సలహా దగ్గరికి వస్తున్నాను. దిగులు వల్లనే గర్భం రావడం లేదా? 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో జాకీ బోయివిన్ బృందం ఒక విశ్లేషణ ప్రచురించింది. 14 అధ్యయనాలు, వాటిలో 3,583 మంది స్త్రీలు. చికిత్సకు ముందు వాళ్ళకున్న మానసిక ఒత్తిడికీ, ఆ చికిత్సలో గర్భం వచ్చిందా లేదా అన్నదానికీ సంబంధం కనిపించలేదు. దిగులుపడిన వాళ్ళకూ వచ్చింది, నిబ్బరంగా ఉన్న వాళ్ళకూ రాలేదు. మరీ తీవ్రమైన ఒత్తిడిలో, బరువు బాగా తగ్గిపోయినప్పుడు ఋతుక్రమం తప్పే మాట నిజమే. అది డాక్టరు చూడవలసిన విషయం. కాని మామూలు దిగులును, కన్నీళ్ళను కారణంగా చూపడానికి ఆధారం లేదు. దిగులు ఇక్కడ ఫలితం. దాన్ని కారణం చేసి చెప్పినప్పుడు, బాధపడే మనిషి మీద బాధపడుతున్నందుకు మరో నేరం మోపుతున్నాం.

ఇంగ్లండుకు చెందిన లెస్లీ బ్రౌన్ తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది. ఆమె ఫాలోపియన్ నాళాలు మూసుకుపోయాయి. ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆ నాళాలు తెరుచుకునేవి కావు. రాబర్ట్ ఎడ్వర్డ్స్, ప్యాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ అండాన్ని బయటికి తీసి, గాజుపాత్రలో ఫలదీకరణ జరిపి, పిండాన్ని గర్భాశయంలో పెట్టారు. 1978 జులై 25న లూయీస్ బ్రౌన్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న మన కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషి వల్ల దుర్గ పుట్టింది. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. ముఖోపాధ్యాయ్ మాటను ఆనాడు నమ్మలేదు. ఆయన కన్నుమూసిన చాలా ఏళ్ళకు గాని గుర్తింపు రాలేదు. ఈ పద్ధతి కూడా హామీ ఇవ్వదు. ఒకటి రెండు ప్రయత్నాలు విఫలం కావడం సాధారణమే. వయసు పెరిగిన కొద్దీ అవకాశం తగ్గుతుంది.

మరో ముఖ్యమైన విషయం. సంతానలేమి ఉన్న జంటల్లో సుమారు సగం కేసుల్లో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్యపరీక్ష సులువైనది, నొప్పి లేనిది, తక్కువ ఖర్చుతో అయ్యేది. అయినా మా బావ మొదటి పరీక్షకు వెళ్ళేసరికి అయిదేళ్ళు గడిచాయి. ఈ అయిదేళ్ళూ అక్కకు మాత్రమే పరీక్షలు జరిగాయి. భాషలో కూడా ఇదే తీరు. పిల్లలు లేని స్త్రీకి "గొడ్రాలు" అనే మాట మన నోట తేలిగ్గా వస్తుంది. పిల్లలు లేని మగవాడికి అలాంటి మాట నోటికి రాదు. ఆ మాటను మీ తరంతో వాడుక నుంచి తీసేయండి.

మరి ఈ దారిలో ఉన్నవాళ్ళు మనసును ఎలా కాపాడుకోవాలి? కొన్ని ఆచరణ సాధ్యమైన సూచనలు చెబుతాను.

మొదటిది, దంపతులిద్దరూ మొదటి రోజు నుంచి కలిసే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెండవది, చికిత్స మొదలుపెట్టే ముందే ఎన్నాళ్ళు, ఎన్ని ప్రయత్నాలు, ఎంత డబ్బు అన్నది ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోవాలి. గట్టు లేని చెరువులో నీరు నిలవదు, హద్దు లేని ప్రయత్నంలో మనసు నిలవదు. ఆ తేదీ వచ్చినప్పుడు కొనసాగించాలో, ఆగాలో, దత్తత గురించి ఆలోచించాలో మళ్ళీ మాట్లాడుకోవచ్చు. మూడవది, ఈ విషయం మాట్లాడుకోవడానికి రోజులో ఇరవై నిమిషాలు కేటాయించి, మిగతా సమయం ఇతర విషయాలకు వదలాలి. లేకపోతే అన్నం దగ్గరా అదే మాట, పడక దగ్గరా అదే మాట అవుతుంది. నాలుగవది, సీమంతానికో బారసాలకో వెళ్ళలేకపోతే వెళ్ళకపోవడం తప్పు కాదు. అయిదవది, చదువు, ఉద్యోగం, సంగీతం, స్నేహాలు - బిడ్డ పుట్టాక చూద్దాంలే అని దేన్నీ వాయిదా వేయకూడదు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా సహాయం తీసుకోవాలి. 2022లో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఇది ఉచితం. తెలుగుతో సహా అనేక భాషల్లో మాట్లాడవచ్చు. చికిత్సా కేంద్రాలు చికిత్స పర్యవసానాలను, విజయావకాశాలను దంపతులకు కౌన్సెలింగు ద్వారా తెలియజేయాలని 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం చెబుతోంది. అడగడం వాళ్ళ హక్కు.

ఇక మీ వంతు. "ఏమైనా విశేషమా?" అని అడగకండి. "పక్క ఊరిలో ఫలానా వాళ్ళకు పద్నాలుగేళ్ళకు పుట్టాడట" అని చెప్పకండి. అలాంటి కథలే మన చెవిన పడతాయి, ఎందుకంటే పుట్టని వాళ్ళ కథను ఎవరూ చెప్పుకోరు. ఒక వైపు లెక్కలే చూసి నిర్ణయానికి రాకూడదని మీరు గణాంకశాస్త్రంలో చదువుకున్నారు కదా! పేరంటంలో అందరితో పాటు ఆమెకూ బొట్టు పెట్టండి. చెబితే వినండి. చెప్పకపోతే వేరే కబుర్లు చెప్పండి.

మా అక్కావాళ్ళు పదకొండో ఏట చికిత్సలు ఆపేశారు. వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. ఆపేసిన తరువాత మొదటిసారి నెల గడిచిన సంగతి తెలియకుండానే ఒక నెల గడిచిందని అక్క నాతో చెప్పింది. తరువాత చాలా ఏళ్ళకు ఈ పెట్టె లెక్కా, 2011 విశ్లేషణా ఆమెకు వివరించాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాను. "నువ్వే కాదురా, అందరూ అదే అన్నారు. తప్పని చెప్పింది మాత్రం నువ్వొక్కడివే" అంది.

మీరు ఆ మాట అననే అనకుండా ఉండగలరు. అందుకే ఈ పాఠం ఇప్పుడే చెప్పాను. సెలవు.