కడుపులోని బిడ్డకును తూకము కలదు

(నెమిలిలో జరిగిన మన సంఘ కుటుంబ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మేము లేచి నిలిచినంతనే వర్తకమును గూర్చియో, పిల్లల తెలుగు చదువును గూర్చియో మాటలాడుదుమని మీరు తలంచియుందురు. నేడు మేము ఎత్తుకొనిన విషయము వేఱు. గర్భమునందలి శిశువు ఎట్లు ఎదుగును, ఆ ఎదుగుదల ఏల కుంటుపడును అనునదియే మా ప్రసంగ విషయము. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వఱకు చదివి, అంగడిలో కూర్చుండి బియ్యము, పప్పులు తూచువారము. మగవారున్న సభలో ఈ ముచ్చట ఏల అని కొందఱు గొణుగుట వినబడుచున్నది. మగవారు వినకపోవుట వలననే మా యింట ఒక బిడ్డ ప్రాణము మీదికి వచ్చినది. అందుచేతనే ఇచ్చట చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తమ్ముని భార్యకు తొలిచూలు. మా తల్లిగారు ఆమెను కన్నకూతురివలె చూచుకొనెడివారు. ఆ ప్రేమతోనే, "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది అమ్మాయీ, కొంచెం తగ్గించి తిను" అని చెప్పెడివారు. ఇంటిలో అందఱును భోజనము చేసిన పిమ్మట మిగిలినది ఆ అమ్మాయి తినెడిది. నర్సమ్మ ఇచ్చిన ఇనుము మాత్రలు మ్రింగినచో బిడ్డ నల్లగా పుట్టునని ఎవరో చెప్పగా, వాటిని బీరువాలో దాచితిమి. ఏడవ నెల పరీక్ష దినమున అంగడికి సరకు దిగుచుండెను. "వచ్చే నెల పోదాములే" అని వాయిదా వేసినవారము మేమే.

మఱుసటి నెలలో డాక్టరమ్మగారు టేపుతో పొట్ట కొలిచి, మొగము చిట్లించి, వెంటనే స్కాను చేయించిరి. బిడ్డ ఎదుగుదల మందగించినది. తల్లికి రక్తపుపోటు పెరిగియున్నది. నెలలు నిండకమునుపే కాన్పు చేయవలసివచ్చెను. బిడ్డ తూకము 1,700 గ్రాములు. అనేక దినములు వెచ్చని పెట్టెలో ఉంచి వైద్యులు వానిని బ్రతికించిరి. నేడు వాడు బడికి పోవుచున్నాడు, భగవంతుని దయ. అయినను మాకు సిగ్గు తీఱలేదు. బస్తాలో రెండు కిలోలు తగ్గినచో లారీవానితో వాదులాడు మేము, మా యింటి బిడ్డ తూకము తగ్గుచుండగా నెలల తరబడి చూడలేదు.

తరువాత మేము అడిగి తెలిసికొనిన సంగతులను మీకు మనవి చేయుచున్నాము.

బిడ్డకు ఆహారమును, ప్రాణవాయువును తల్లి రక్తమునుండి మావి ద్వారా, బొడ్డుతాడు గుండా చేరును. కావున ఎదుగుదలకు మూడు ఆధారములు: తల్లి దేహము, మావి, బిడ్డ స్వభావము. పుట్టినప్పుడు 2,500 గ్రాములకు తక్కువ తూగిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ యందురు. అయితే చిన్నగా పుట్టిన ప్రతి బిడ్డయును రోగి కాదు. పొట్టి తల్లిదండ్రులకు చిన్న బిడ్డ పుట్టుట సహజము. తాను చేరవలసిన ఎత్తును, బరువును ఏదో ఆటంకము వలన చేరలేకపోయిన బిడ్డను గూర్చియే మన చింత.

ఆ ఆటంకములలో మొదటిది తిండి. 1944-45 శీతకాలమున, యుద్ధము వలన హాలండు దేశపు పడమటి ప్రాంతమున ఘోరమైన కఱవు వచ్చెను. గర్భపు చివరి మూడు నెలలలో ఆకలికి గుఱియైన తల్లుల బిడ్డలు తూకములో సుమారు 300 గ్రాములు తగ్గిరి. అది శత్రువులు తెచ్చిన కఱవు. మనము "కాన్పు సులభము" అను పేరుతో నిండిన ఇంటిలోనే కఱవు కల్పించుచున్నాము. చిన్న బిడ్డ వలన కాన్పు సులభమగునను మాట నమ్మదగినది కాదు. ఎదుగుదల తగ్గిన బిడ్డ నొప్పుల శ్రమకు తట్టుకొనలేక, ఆపరేషను అవసరమగుటయు కలదు. తిండి యనగా అన్నమొక్కటియే కాదు. పూనా సమీపపు పల్లెలలో 1990 దశకమున జరిగిన పరిశోధనలో ఆకుకూరలు, పండ్లు, పాలు తఱచుగా తీసికొనిన తల్లుల బిడ్డలు పెద్దగా పుట్టిరని తేలినది. మన పెరటిలోని మునగాకు, సంతలోని తోటకూర, వేరుసెనగలు, పప్పు, గ్రుడ్డు తిను ఇండ్లలో గ్రుడ్డు — ఇవి లక్షాధికారి వంటలు కావు.

రెండవది రక్తహీనత. రక్తములో హిమోగ్లోబిను 11 గ్రాములకు తగ్గినచో గర్భిణికి రక్తము తక్కువయని అర్థము. నాలుగవ నెల నుండి 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు ఇచ్చుట ప్రభుత్వ పద్ధతి. ఆ మాత్రకును బిడ్డ మేనిఛాయకును సంబంధమేమియు లేదు. దానిని కాఫీతో మ్రింగరాదు. నిమ్మరసమో పండో తోడైన బాగుగా ఒంటబట్టును.

మూడవది రక్తపుపోటు. అది 140/90 దాటినచో మావికి రక్తప్రసారము తగ్గు అపాయము కలదు. దీనికి మొదట నొప్పి యుండదు, కొలిచిననే తెలియును. మా యింట జరిగినది ఇదియే. తిండి ఒక్కటియే దోషము కాదు; వాయిదా వేసిన ఆ ఒక్క పరీక్ష అంతకంటె పెద్ద దోషము.

నాలుగవది పొగాకు. వేలూరు, గుడియాత్తం ప్రాంతములలో బీడీలు చుట్టి జీవించు కుటుంబములు పెక్కు. పొగాకులోని నికోటిను చర్మము ద్వారా సైతము లోనికి పోవును. ఆకు నమలుట, ఇంటిలో భర్తయో మామగారో కాల్చు పొగ — ఇవన్నియు బిడ్డ తూకమును తగ్గించునవే. కడుపుతో ఉన్న కోడలి గదిలో బీడీ వెలిగించు పెద్దమనిషి, తన మనుమని పళ్లెములోని అన్నము తీసివేయుచున్నాడని తెలిసికొనవలెను.

ఇవి గాక పదునెనిమిదేండ్లు నిండకమునుపే గర్భము, కాన్పునకు కాన్పునకు చాలినంత ఎడము లేకపోవుట, కవలలు, మలేరియా, సిఫిలిసు, రుబెల్లా వంటి అంటురోగములు, మావిలోని లోపములు, పుట్టుకతో వచ్చు జన్యుదోషములు కూడ కారణములు. వీనిలో కొన్ని మన చేతిలో లేవు. అందుచేత బిడ్డ చిన్నదైనదని తల్లిని నిందించుట అన్యాయము, అజ్ఞానము.

ఇఁక ఇంటి సంగతి చెప్పెదము. మన వేలూరు దేశమే ఈ విషయమున ప్రపంచమునకు పాఠము చెప్పినది. ఐడా స్కడ్డరు గారు యువతియై తిండివనములో ఉండగా, ఒకే రాత్రి మూడు ఇండ్లవారు వచ్చి కాన్పునకు పిలిచిరి. ఆమె తండ్రి డాక్టరే, కాని పురుష వైద్యుడు వలదనిరి. ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ వేదనతో ఆమె వైద్యము చదివి 1900లో వేలూరిలో చికిత్స మొదలిడి, గుడియాత్తం దారిలో చెట్ల నీడన బండి నిలిపి రోగులను చూచెడివారు. ఆమె నాటిన క్రైస్తవ వైద్య కళాశాలవారు 1969-73 నడుమ వేలూరు పట్టణమునందును, గుడియాత్తం దారిలోని కె.వి. కుప్పము గ్రామములందును పుట్టిన సుమారు పదివేలమంది శిశువులను తూచి, కొలిచి, వ్రాసియుంచిరి. వారిలో 2,218 మందిని 1998-2002 నడుమ, వారు 26 నుండి 32 ఏండ్ల వయస్సువారై యుండగా, మరల పరీక్షించిరి. పసితనమున బక్కగా ఉండి, తరువాత త్వరగా బరువెక్కినవారిలో చక్కెరవ్యాధి లక్షణములు అధికముగా కనబడెను. అనగా గర్భమునందును పసితనమునందును పడిన లోటు, నడివయస్సులో వడ్డీతో తిరిగివచ్చును. చక్కెరవ్యాధి లేని ఇల్లు మనలో అరుదు. ఈ మాట మనకు పరాయిది కాదు.

మఱి లోటు ఎట్లు తెలియును? వర్తకుడు సంవత్సరాంతమున మాత్రమే లెక్క చూచినచో దివాలా తీయును. నెలనెల చూడవలెను. ఇరువది నాలుగవ వారము నుండి ముప్పదియాఱవ వారము వఱకు, పొత్తికడుపు ఎముక నుండి గర్భాశయపు పైయంచు వఱకు టేపుతో కొలిచిన సెంటీమీటర్లు, దాదాపు వారముల సంఖ్యకు సరిపోవును. మూడు సెంటీమీటర్లు తక్కువైనచో స్కాను చేయింపవలెను. ఆపైన బొడ్డుతాడులోని రక్తప్రవాహమును డాప్లరు పరీక్షతో చూచి, బిడ్డను ఇంకను కడుపులో ఉంచవచ్చునో, వెలుపలికి తీయవలెనో వైద్యులు నిర్ణయింతురు. మందగించిన ఎదుగుదలను తిరిగి పరుగెత్తించు మందు లేదు. సమయమునకు కనుగొనుటయే రక్ష. బిడ్డ కదలిక తగ్గినను, తల్లికి తలనొప్పి, కన్నుమసక, మొగము వాపు కలిగినను, తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 108కు ఫోను చేసిన బండి వచ్చును.

మనవారిలో పెద్దలకు తెలుగు, పిల్లలకు తమిళము మాత్రమే చదువ వచ్చును. తల్లికార్డు తమిళములో నున్నది కదా అని కొందఱు దానిని విప్పనైన విప్పరు. అయ్యా, అంకెలకు భాష లేదు. తూకము, రక్తము, పోటు, పొట్ట కొలత — నాలుగు అంకెలు. మన చిట్టాలు చదువు కన్నులు వాటిని చదువలేవా? తమిళనాడులో పేదతల్లులకు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పథకము క్రింద 18,000 రూపాయల సహాయము కలదు. గ్రామ ఆరోగ్య నర్సుకడ ముందుగా పేరు నమోదు చేయించిన విడతలుగా వచ్చును. ఆ సొమ్ము అంగడి అప్పునకు కాదు, ఆ తల్లి తిండికి.

కావున ఈ సభవారిని మేము వేడుకొనునవి మూడు. గర్భిణి మన ఇండ్లలో ముందు తినవలెను, మిగిలినది కాదు. పరీక్ష దినమున భర్త అంగడి మూసియైనను వెంట పోవలెను. నెలకొకసారి ఇంటి యజమాని ఆ కార్డును కుటుంబ సమక్షమున చదువవలెను. సీమంతమునకు గాజులు తొడిగి, పాటలు పాడి, పది రకముల చిత్రాన్నములు పెట్టుదుము. ఆ ఒక్కనాటి ఆదరము తొమ్మిది నెలలు నడిచినచో సీమంతము సార్థకమగును.

మా తల్లిగారు ఇప్పుడు ఏ ఇంటికి పోయినను, కడుపుతో ఉన్న పిల్లను చూచి, "తినమ్మా, బాగా తిను, ఈ నెల కొలిపించుకొన్నావా?" అని అడుగుచున్నారు. డెబ్బదియేండ్లు దాటిన ఆమె తన మాటను మార్చుకొనగలిగినప్పుడు, మనము మార్చుకొనుట కష్టము కాదు.