గిమ్మడు జిరికను ఎక్కడ పెట్టాడు?



ఉపన్యాసానికి ముందు మీ అందరికీ ఒక చిన్న పరీక్ష. ఒక వాక్యం చదువుతాను, వినండి. “గిమ్మడు డొంపరలో జిరికను పెట్టాడు.” పెట్టింది ఎవరు? గిమ్మడు. దేన్ని పెట్టాడు? జిరికను. ఎక్కడ పెట్టాడు? డొంపరలో. మూడుకు మూడు మార్కులు. గిమ్మడు ఎవరో, డొంపర అంటే ఏమిటో, జిరిక తినేదో తొడుక్కునేదో ఈ హాల్లో ఒక్కరికీ తెలియదు. తెలిసే వీలు లేదు, ఆ మాటలు ఏ నిఘంటువులోనూ లేవు.

ఇలాంటి వాక్యమే ఒకటి నల్లబల్ల మీద రాసి, నన్ను మూడో తరగతి పిల్లల పక్కన కింద కూర్చోబెట్టి, జవాబులు చెప్పించినావిడ మన పెద్ద టీచరు. అందరమూ ఆమెను అలాగే పిలిచాం, ఈ రోజూ అలాగే పిలుస్తాను. నేను గబగబా మూడు జవాబులూ చెప్పాక ఆమె అడిగారు: “మరి నీకేం అర్థమైంది?” అప్పటికి నేను బడిలో ఎనిమిదేళ్ళు పాఠం చెప్పి ఉన్నాను. ఆ ఎనిమిదేళ్ళూ పిల్లల నోటుబుక్కుల్లో నేను ఎర్ర సిరాతో ‘రైట్’ కొట్టినవి ఇలాంటి జవాబులేనని ఆ పూట తెలిసింది. ఆమె పేరిట జరిగే ఈ సభలో ఆ ఒక్క సంగతే మాట్లాడతాను. పిల్ల చదివింది సరే, అర్థమైందో లేదో మనకెలా తెలుస్తుంది? అర్థమయ్యేలా చదవడం ఎలా సాధన చేయించాలి?

తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ. మన విభక్తి ప్రత్యయాలు ప్రశ్నకు జవాబును చేతికి అందించేస్తాయి. ‘ఎక్కడ’ అని అడిగితే ‘లో’ ఉన్న మాట వెతుక్కోవాలి, ‘ఎవరికి’ అంటే ‘కి’ ఉన్న మాట, ‘ఎవరితో’ అంటే ‘తో’ ఉన్న మాట. తోక చూసి మాటను పట్టుకోవడం పిల్లలు రెండో తరగతిలోనే కనిపెట్టేస్తారు. అది తెలివితక్కువతనం కాదు, గొప్ప తెలివే. తప్పల్లా ఆ ఒక్క తెలివి చాలేలా ప్రశ్నలు తయారుచేసిన మనది. పాఠం కింద ఉన్న ఆరు ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసి, పిల్లల చేత ఎక్కించి, రేపు అప్పజెప్పమంటాం. ‘చదువు’ అన్న మాట కూడా మనల్ని కొంత మోసం చేస్తుంది. అక్షరాలు పలకడమూ చదవడమే, బట్టీపట్టడమూ చదవడమే, డిగ్రీ పుచ్చుకోవడమూ చదువే. అన్నిటికీ ఒకే మాట ఉన్నచోట ఏది జరగలేదో కనిపెట్టడం కష్టం.

ఇది మన ఒక్కరి రోగమూ కాదు. 1970ల చివర్లో అమెరికాలో డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు నాలుగో తరగతి గదుల్లో కూర్చుని, చదవడం నేర్పే గంటల్లో ఏం జరుగుతోందో నిమిషాల లెక్కన రాసుకున్నారు. 4,469 నిమిషాలు చూస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పినవి 20 నిమిషాలు. మిగతా కాలంలో టీచర్లు ఊరికే కూర్చోలేదు. ప్రశ్నలు అడిగారు, అభ్యాసాలు రాయించారు. అంటే అర్థమైందా లేదా అని పరీక్షిస్తూ పోయారు గానీ నేర్పింది లేదు. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పెద్ద టీచరు ఉద్యోగమంతా ఈ శేరిలింగంపల్లి చుట్టుపక్కలే గడిచింది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యేనాటికి ఆమె పాఠం చెబుతున్న బడికి ఎదురుగా కనిపించేవి బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరసగా పైకి లేచాయి. భవనాలు లేపిన చేతుల పిల్లలు ఆమె తరగతిలోకి వచ్చారు. పాలమూరు పల్లెల నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి. పని ఒకచోట అయిపోగానే గుడిసె ఇంకోచోటికి మారుతుంది. దసరాకు ఊరెళ్ళిన పిల్ల దీపావళి దాటాక వస్తుంది, ఒక్కోసారి రాదు. ఆ బడి గోడ దాటితే ప్రపంచంలోని పెద్ద కంపెనీల బోర్డులన్నీ ఉంటాయి. పిల్లలు ఆ పేర్లు గడగడా చదువుతారు.

ఈ పిల్లలు ఎలా చదువుతున్నారో చెప్పే లెక్కలు కూడా మనకు సరిగా దొరకవు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే పల్లెల్లో చేసేది. దాని 2024 నివేదిక ప్రకారం దేశంలో పల్లెల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 27.1 శాతం. కోవిడ్ తర్వాత 2022లో అది 20.5కు పడిపోయి మళ్ళీ లేచింది. ఆ పరీక్షలో చూసేది ప్రధానంగా పైకి చదవగలగడం. మాదాపూర్ పిల్ల ఆ లెక్కలోకి రాదు, వచ్చినా ఆమెకు కథ అర్థమైందో లేదో అందులో తేలదు. 2022 ఆగస్టులో మన తెలంగాణ రాష్ట్రం తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు నేను నిజంగా సంతోషించాను. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకు చదవడం, రాయడం, లెక్క గట్టిగా రావాలనడం సరైన పట్టుదలే. నా మనవి ఒక్కటే. చార్టులో ‘ధారాళంగా చదువుతుంది’ అన్న గడిలో టిక్కు పెట్టి ఆగిపోకూడదు.

అయితే ఏం చేయాలి? ఒక పూట మేం చేసిన పని చెబుతాను. పెద్ద టీచరు రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు బడికి వచ్చేవారు. ఆ రోజు ఆమె సొంతంగా అల్లి పుస్తకంలో రాసుకున్న చిన్న కథ చదివారు. “గౌరి మేకను తోలుకుని చెరువు గట్టుకు వెళ్ళింది. ఆకాశంలో పెద్ద ఉరుము ఉరిమింది. భయపడి ఇంటివైపు పరుగెత్తింది.” అక్కడ ఆపి అడిగారు: పరుగెత్తింది ఎవరు?

ఈ ప్రశ్నకు తోక పట్టుకుంటే పని జరగదు. తెలుగులో ఆడపిల్లకైనా మేకకైనా ఉరుముకైనా క్రియ ఒకటే: వెళ్ళింది, ఉరిమింది, పరుగెత్తింది. కర్తను వదిలేసి మాట్లాడటం మన భాషకు అలవాటు. వినేవాళ్ళు దాన్ని పూరించుకుంటారు. సగం తరగతి ‘గౌరి’ అంది. వెనక వరసలో ఒక పాప లేచింది. “గౌరి ఉరికితే మేకను ఇడిసిపెట్టి పోతదా టీచర్? మేకనే ఉరికింది.” ఇంకో అబ్బాయి ఒప్పుకోలేదు. “మేక ఉరుముకు బెదరది, గౌరినే మేకను గుంజుకుంట ఉరికింది” అన్నాడు. పది నిమిషాలు వాదించుకున్నారు. మేకలు ఉరుముకు బెదురుతాయా బెదరవా అన్నది ఇంట్లో మేకలున్న పిల్లలు తేల్చాల్సి వచ్చింది. చివరకు కథలో తర్వాతి వాక్యం చూద్దామన్నారు. తర్వాతి వాక్యం కోసం పిల్లలు తమంతట తాము పుస్తకం మీద పడటం నా ఉద్యోగంలో నేను చూడటం అదే మొదటిసారి.

ఇలాంటి చోట్లు మన భాష నిండా ఉన్నాయి. ‘రాజు వచ్చాడు’కూ ‘రాజు వచ్చాడట’కూ ఉన్న తేడా ఐదేళ్ళ పిల్లకు తెలుసు. చెప్పేవాడు చూసి చెబుతున్నాడా, విని చెబుతున్నాడా? ‘వాన పడితే వెళ్ళాడు’, ‘వాన పడినా వెళ్ళాడు’ అన్న రెండు వాక్యాల మధ్య ఒక్క అక్షరం మారితే మనిషి మారిపోతాడు. రెండో మనిషికి అంత తొందరేమిటని అడగండి. పిల్లలు కారణాలు కల్పిస్తారు. ఏ కారణం కథకు పొసగుతుందో, ఏది పొసగదో వాళ్ళే ఏరుకుంటారు. పరాయిదేశపు అభ్యాస పత్రాలు అనువదించుకోవడం కంటే మన ‘ట’నూ, మన ‘నా’నూ పట్టుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

కథ చెప్పేటప్పుడు మన అవ్వలు ‘ఊ’ కొట్టమనేవారు, గుర్తుందా? ఊ ఆగితే కథ ఆగేది. పిల్ల నిద్రపోయిందో, దారి తప్పిందో అవ్వకు తెలిసేది ఆ ఊ వల్లే. బుర్రకథలో వంతలు ఉంటారు. కథకుడు ముందుకు పరుగెత్తుతుంటే వంత ఆపి, జనానికి వచ్చే సందేహం తను అడుగుతాడు. ఇప్పటిదాకా చెప్పింది ఇంకో మాటలో మళ్ళీ అనిపిస్తాడు, తర్వాత ఏమైందో చెప్పమంటాడు. 1984లో పాలింక్సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పద్ధతి ప్రకటించారు. అక్షరాలు బాగా పలుకుతూ అర్థం మాత్రం అందని ఏడో తరగతి పిల్లల్ని తీసుకుని, ఒక పేరా చదివాక నాలుగు పనులు చేయించారు: సారం చెప్పడం, ప్రశ్న అడగడం, తెలియని చోటు తేల్చుకోవడం, ముందేం వస్తుందో ఊహించడం. మొదట టీచరు చేసి చూపిస్తారు, మెల్లగా టీచరు స్థానంలోకి పిల్లలే వస్తారు. దాదాపు 20 బడిరోజుల్లో పిల్లలు బాగా ముందుకు పోయారు. అది చదివినప్పుడు నాకు వంతలే గుర్తొచ్చారు. మేం మా తరగతిలో ఆ పనిని ‘వంత’ అనే పిలిచాం. ఒకరు కథకుడు, ఇద్దరు వంతలు, రోజుకొకరి వంతు. ఎవరూ నోటుబుక్కు తీయకూడదు. తెలియని మాట వస్తే వంత “ఆగాగు” అనాలి. మొదటి వారం ఎవరూ ఆగమనలేదు, తెలియదని ఒప్పుకోవడం బడిలో తప్పని వాళ్ళు అప్పటికే నేర్చుకుని ఉన్నారు. పెద్ద టీచరు తనే కథకురాలై కావాలని తడబడి, “నాకిక్కడ తెలియలేదర్రా” అన్నారు. అలా రెండుమూడు సార్లయ్యాక ఆగాగులు మొదలయ్యాయి.

పద్ధతి ఒక్కటే ఉంటే చాలదు, లోకజ్ఞానం కావాలి. రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు 1988లో 64 మంది పిల్లల చేత ఒక బేస్‌బాల్ ఆట గురించి చదివించారు. బాగా చదువుతారని పేరున్నా ఆట తెలియని పిల్లల కంటే, చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు ఎక్కువ గుర్తుంచుకున్నారు, మెరుగ్గా తిరిగి చెప్పారు. ఇది చదివాక నేనొక పది వాక్యాల పాఠం రాశాను. కొత్తగా పోసిన స్లాబు మీద మడులు కట్టి రోజుల తరబడి నీళ్ళు ఎందుకు నిలుపుతారన్నది విషయం. ఎప్పుడూ వెనకబడి ఉండే పిల్లలు ఆ రోజు ముందుకొచ్చారు. ‘పగుళ్ళు’ అన్న మాట దగ్గర ఒక వంత ఆగాగు అంది. ఇంకో పిల్ల “పర్రెలు. నీళ్ళు పెట్టకపోతే స్లాబు పర్రెలిస్తది” అని తేల్చింది. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో కూడా చెప్పింది, అది నా పాఠంలో లేదు. మన పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి పాఠం ఎందుకు ఉండకూడదు? ఆ పిల్లలకు తెలిసింది పుస్తకంలో కనిపించని సంవత్సరాలన్నీ మనం వాళ్ళకు చదవడం రాదని రాసుకున్నాం.

‘పర్రెలు’ అన్న పిల్లను ‘పగుళ్ళు అనాలమ్మా’ అని సరిదిద్దే టీచర్లకు ఒక మాట. ఆమె అప్పుడే అర్థాన్ని తన ఇంటి మాటలోకి దించుకుంది, చదవడం అంటే అదే. పుస్తకంలో ‘వెళ్ళాడు’ ఉంటే పిల్ల ‘పోయిండు’ అని తిరిగి చెబితే తప్పు పట్టకండి. గిడుగు రామమూర్తి గారు పండితులతో అంత కాలం పోరాడింది మనుషులు మాట్లాడే భాషకు చదువులో చోటు కోసమే. 2022లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చినప్పటి నుంచి పిల్లల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చాలా మంచి ఏర్పాటు. కానీ ఇంగ్లీషు పేజీ చదివి ఇంగ్లీషులోనే జవాబు రాయమంటే మళ్ళీ గిమ్మడి దగ్గరికే వెళ్తాం. ఇంగ్లీషు పేజీ చదవనివ్వండి, మాట్లాడేది మాత్రం ఇంటి భాషలో కానివ్వండి. ఒడియా పిల్లలిద్దరుంటే వాళ్ళిద్దరినీ ఒడియాలో చెప్పుకోనివ్వండి, టీచరుకు రాకపోయినా సరే.

ఈ సభలో ఐటీ ఉద్యోగులు చాలామంది ఉన్నారు. కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు కేటాయించే నియమం 2014 నుంచి అమల్లో ఉంది. దాని పుణ్యాన మన బడులకు బల్లలు, బ్యాగులు, రంగులేసిన గోడలు వచ్చాయి. కృతజ్ఞతలు. కానీ నేను అడిగేది డబ్బు కాదు, మీ చెవి. వారానికి ఒక గంట, ఏడాది పొడుగునా అదే మనిషి, అదే నలుగురు పిల్లలు. పాప చదువుతుంటే పక్కన కూర్చుని ఊ కొట్టాలి. అర్థం కానిచోట ఊ ఆపాలి. దీనికి బీఈడీ అక్కర్లేదు. మీ సొంత పిల్లలకూ ఇది కావాలి. 2018 చట్టంతో మన రాష్ట్రంలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరైంది. గేటెడ్ కమ్యూనిటీల్లో పిల్లలు తెలుగు వాచకం అక్షరం పొల్లుపోకుండా చదివి, అమ్మమ్మ ఫోన్ చేస్తే ఆమె మాట అర్థం కాక ఫోన్ అమ్మకిచ్చేస్తున్నారు. అమ్మమ్మకు ఆ ఫోన్లోనే రోజూ ఒక పేజీ చదివి వినిపించమనండి. ఎక్కడ ఊ ఆపాలో ఆమెకు తెలుసు.

గౌరి కథ దగ్గరికి మళ్ళీ వస్తాను. పరుగెత్తింది ఎవరో తేలాక పెద్ద టీచరు పుస్తకం మూసి, “ఇప్పుడు మీరు నన్ను ఏమైనా అడగండి” అన్నారు. ముందు మామూలు ప్రశ్నలే వచ్చాయి: మేక పేరేమిటి, చెరువు ఏది. ఆ వెనక వరస పాప చాలాసేపు ఊరుకుని, చివర్లో అడిగింది: “గౌరి ఇంటికి ఉరికినప్పుడు వాళ్ళమ్మ ఉన్నదా, పనికి పోయిందా?”

కథలో అమ్మ లేదు. ఆ కథ అల్లిన మనిషికే ఆ సంగతి తట్టలేదు. పెద్ద టీచరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత సుద్దముక్క ఆ పాప చేతికిచ్చి, “నువ్వు చెప్పు, ఉన్నదా?” అన్నారు. పాప బోర్డు దగ్గరికి వెళ్ళి, తన గుడిసెకు వేసినట్టే తాళం బొమ్మ ఒకటి గీసి, దాని కింద ఒత్తులు తప్పుతూ ఒక వాక్యం రాసింది. పక్కింటి అవ్వ దగ్గర తాళంచెవి ఉందట.