గోధుమ మానేశాక సీలియాక్ టెస్టా? ఒక్క నిమిషం ఆగండి!

ఇవాళ్టి టాపిక్ చిన్నదే. కానీ తెలియకపోతే టెస్ట్ డబ్బులు వేస్ట్, టైమూ వేస్ట్.

చపాతీ తింటే కడుపుబ్బరం, విరేచనాలు, నీరసం. దాంతో గోధుమ మానేశారు, హాయిగా ఉంది. కొన్ని నెలలయ్యాక ‘నాకు సీలియాక్ ఉందేమో’ అని డౌట్ వచ్చి బ్లడ్ టెస్ట్ చేయించారు. నెగెటివ్! అంటే లేనట్టేనా? కాదండి. ఆ రిపోర్టును నమ్మలేం.

ఎందుకంటే, సీలియాక్ ఉన్నవాళ్లకి గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ లోపలికెళ్తే, సొంత ఇమ్యూన్ సిస్టమే చిన్నపేగు మీద దాడి చేస్తుంది. టీటీజీ ఐజీఏ అనే బ్లడ్ టెస్ట్ ఆ టైంలో పుట్టే యాంటీబాడీలను వెతుకుతుంది. ఎండోస్కోపీలో తీసే బయాప్సీ పేగు ఎంత దెబ్బతిందో చూపిస్తుంది. గ్లూటెన్ ఆపేస్తే యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మెల్లగా మానుతుంది. ఇంక టెస్టుకు ఏం దొరుకుతుంది? మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, బగ్ రీప్రొడ్యూస్ కాలేదని టికెట్ క్లోజ్ చేసినట్టు. బగ్ మాత్రం అక్కడే ఉంటుంది.

అందుకే టెస్టుకు ముందు డాక్టర్లు మళ్లీ గోధుమ తినమంటారు. దీన్నే ‘గ్లూటెన్ ఛాలెంజ్’ అంటారు. బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ గైడ్‌లైన్ ప్రకారం రోజూ ఒక పూట కంటే ఎక్కువసార్లు, కనీసం 6 వారాలు తినాలి.

మన దగ్గర ఇంకో తిరకాసుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి పెరుగన్నం తినేవాళ్లు ‘నేనేం మానలేదుగా’ అనుకుంటారు. వీటిలో అసలు గ్లూటెనే ఉండదు! జొన్నరొట్టె, రాగిసంగటిలోనూ ఉండదు. ఉండేది చపాతీ, పూరీ, బ్రెడ్డు, బొంబాయి రవ్వ ఉప్మాలో. కాబట్టి రోజూ ఏం తింటున్నారో డాక్టరుకు పూసగుచ్చినట్టు చెప్పండి.

అన్ని వారాలు తట్టుకోలేమంటారా? హెచ్ఎల్ఏ జీన్ టెస్ట్ గురించి అడగండి. దానికి గోధుమ తినక్కర్లేదు. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

ఒక హెచ్చరిక. గోధుమ తిన్న వెంటనే దద్దుర్లు, ఆయాసం వస్తే అది అలర్జీ కావచ్చు. అలాంటివాళ్లు, గర్భిణులు, పిల్లలే కాదు, ఎవరూ డాక్టరును అడక్కుండా ఈ ఛాలెంజ్ మొదలుపెట్టొద్దు.

‘ఎలాగూ మానేశా కదా, టెస్టెందుకు?’ అంటారా? సీలియాక్ అని తేలితే జీవితాంతం చిటికెడు మైదా కూడా పడకూడదు. రక్తహీనత, ఎముకల బలం చూపించుకోవాలి. అమ్మానాన్నలకీ, తోబుట్టువులకీ టెస్ట్ చేయించాలి. లేదని తేలితే, అసలు కారణం వేరే వెతకొచ్చు.

సో, అనుమానం ఉంటే ముందు టెస్ట్, ఆ తర్వాతే మానేయడం. ఉంటా మరి, బై!