సెప్సిస్: బంధువులు గమనించవలసినవి



"పుండు సెప్టిక్ అయింది" అని మనం అంటుంటాం. డాక్టరుగారు చెప్పే సెప్సిస్ అంతకంటే పెద్ద ప్రమాదం. పుండులోనో, మూత్రంలోనో, ఊపిరితిత్తుల్లోనో మొదలైన ఇన్ఫెక్షన్‌తో పోరాడుతూ శరీరం అదుపు తప్పి, తన అవయవాలనే దెబ్బతీసుకుంటుంది.

జ్వరం ఒక్కటే చూడకండి. వృద్ధులకు జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లబడవచ్చు. పెద్దవారు నిమిషానికి 22 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే నర్సును పిలవండి. అర్ధరాత్రి అని మొహమాటపడకండి.

"ఇంత నీరసంలో మళ్ళీ రక్తమా?" అని అడుగుతారు. బ్లడ్ కల్చర్‌కు సాధారణంగా రెండు చోట్ల రక్తం తీస్తాం. దొరికిన క్రిమి రక్తంలోదా, చర్మం మీదిదా అని తేల్చుకోవడానికే అది. యాంటీబయాటిక్ ఇవ్వకముందు తీస్తే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. అందాకా మందు ఆపం. బి.పి. పడిపోయి షాక్‌లో ఉన్నవారికి మొదటి డోసు గంటలోపే పడాలి. కాబట్టి "ఊరినుండి పెద్దవాళ్ళు వచ్చాక చూద్దాం" అనకండి.

సెలైన్ సూది దగ్గర ఎర్రబడినా, వాచినా చెప్పండి. రోగిని ముట్టుకునే ముందు, తరువాత చేతులు కడుక్కోండి. మంచం పక్కన ఉండేది మీరే. మార్పు ముందుగా కనబడేది మీకే.