కాలవ నీళ్లలో మన వాటా ఎంత?

(ఉయ్యూరులో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటల పాఠం)



పొద్దున బస్సు దిగి పుల్లేరు కాలవ గట్టు మీదుగా నడిచొచ్చాను. ఒక పక్క వరి, ఒక పక్క చెరకు, మధ్యలో నిండుగా కాలవ. ఆ గట్టు మీదే తాటాకు, టార్పాలిన్ పట్టా కప్పిన నాలుగు యానాది గుడిసెలు. ఒక అవ్వ ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకుని ఊళ్లోకి పోతోంది. "ఎక్కడికమ్మా?" అంటే "మంచినీళ్లకు నాయనా" అంది. కాలవ పక్కన కాపురం, మంచినీళ్లకు మాత్రం ఊళ్లోకి నడక. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ బిందెలోనే ఉంది.

నీళ్లు, కరెంటు, తిండి. ప్రభుత్వానికి ఇవి మూడు వేరువేరు శాఖలు, మూడు ఆఫీసులు, మూడు బడ్జెట్లు. మన బతుకులో మాత్రం మూడూ ఒకటే. ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ కదులుతాయి. కదిలినప్పుడల్లా భారం ఎవరి మీద పడుతోందో చూడండి.

ముందు ఈ నేల సంగతి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పూర్తయింది. తర్వాత దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. ఇంత ఆయకట్టుకు ఆధారమైన బ్యారేజీలో నిలిచేది మాత్రం మూడు టీఎంసీలే. అంటే పై నుంచి రోజూ నీళ్లు రావాలి. పైన కర్ణాటక, మహారాష్ట్ర డ్యాములు, శ్రీశైలం, సాగర్ నిండితే గానీ కిందికి రావు. వానలు ఆలస్యమైన ఏడాది ఇక్కడ నారుమళ్లు ఎండిపోయిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే.

అందుకే 2015లో పట్టిసీమ లిఫ్టు మొదలుపెట్టారు. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలవలో 170 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఇవాళ ఈ కాలవలో పారే నీళ్లలో గోదావరి కూడా ఉంది. గోదావరి అంటే శబరి, సీలేరు, ఇంద్రావతి. అంటే కోయోళ్ల కొండల నీళ్లు, కొండరెడ్ల వాగుల నీళ్లు. మన చుట్టాల ఊళ్ల మీదుగా వచ్చిన నీళ్లు.

ఇప్పుడు కరెంటు లెక్క. ఇది మీరు కాగితం మీద వేసుకోవచ్చు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. అన్ని నీళ్లను ఒక్క మీటరు ఎత్తు లేపాలంటే, పంపులో వృథా ఏమీ లేదనుకున్నా, సుమారు 77 వేల యూనిట్ల కరెంటు కావాలి. పాతిక మీటర్లు లేపాలంటే 19 లక్షల యూనిట్లు. ఎనభై టీఎంసీలకు పదిహేను కోట్ల యూనిట్లు దాటుతుంది. వృథా కలిపితే ఇంకా ఎక్కువ.

"పోలవరం పూర్తయితే ఈ ఖర్చు ఉండదు, నీళ్లు వాటంతటవే కుడి కాలవలోకి పారతాయి" అంటారు. నిజమే, పారతాయి. ఎందుకు పారతాయి? రిజర్వాయరులో నీటిమట్టం కాలవ కంటే పైకి వస్తుంది కాబట్టి. మరి నీటిమట్టం పైకి వస్తే ఏమవుతుంది? చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మునుగుతాయి. తమ్ముడూ, ఖర్చు పోయిందని ఎలా అంటాం? కరెంటు బిల్లు మీద కనపడాల్సిన ఖర్చు అక్కడి నుంచి లేచి ముంపు ఊళ్ల మీద కూర్చుంది. బిల్లయితే శాఖ కట్టేది. ముంపు మాత్రం కోయ రైతు కడుతున్నాడు.

ప్రభుత్వ లెక్కల ప్రకారమే పోలవరంలో నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్షకు పైన. అందులో సగానికి మించి ఆదివాసీలు. రిజర్వాయరు సామర్థ్యం 194.6 టీఎంసీలు, విద్యుత్ కేంద్రం 960 మెగావాట్లు. ఈ అంకెలు ప్రతి బోర్డు మీదా ఉంటాయి. 41.15 మీటర్ల వరకు ముందు పునరావాసం, 45.72 మీటర్ల వరకు తర్వాత అన్నారు. ఆ నాలుగున్నర మీటర్ల మధ్య బతుకుతున్నవాళ్లు ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా, పిల్లను ఏ బడిలో చేర్చాలి అని ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ మండలాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

ఇది కొత్త కథ కాదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ 1955లోనే కరెంటు ఇచ్చింది. తర్వాత ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. అక్కడ టర్బైన్లు తిప్పి దిగిన నీళ్లే శబరిలో కలిసి గోదావరికి చేరి, గోదావరి డెల్టాలో దాళ్వా పంటను కాపాడతాయి. ఒకే నీరు కరెంటూ ఇస్తుంది, తిండీ ఇస్తుంది. ఎంత మంచి ఏర్పాటు! కానీ ఆ లైన్లు తలమీదుగా పోతున్నా, దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డి కింద బతికిన ఊళ్లు అదే మన్యంలో ఉన్నాయి.

ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ వస్తోంది. దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోండి, రేపు మీ కొండకే రావచ్చు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి ఎత్తుతారు. సాయంత్రం గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. నూరు యూనిట్లు పెడితే తిరిగొచ్చేది డెబ్భై అయిదు, ఎనభై. అంటే ఇది కరెంటు పుట్టించే యంత్రం కాదు, దాచిపెట్టే బ్యాటరీ. కరెంటు ఎక్కడిదో, వాడుకునేది ఎక్కడో, చెరువులు మాత్రం మన కొండల్లో. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లది తలపెట్టారు. ఎర్రవరం, పెదకోట పేర్లూ వినపడుతున్నాయి. ఎండ నుంచి కరెంటు రావడం మంచిదే, బొగ్గు తగ్గాలి. కానీ నేనడిగేది ఒక్కటే: ఆ కొండ గెడ్డల మీద తాగునీరు, పోడు, పశువులు ఆధారపడ్డ ఊళ్ల గ్రామసభను అడిగారా? అయిదో షెడ్యూలు ప్రాంతంలో అడగాలని 1996 పెసా చట్టం చెప్తోంది. అడవి హక్కును 2006 చట్టం గుర్తించింది.

మరి ఉయ్యూరులో ఉన్న మనకు ఏం సంబంధం అంటారా? మైదానంలో మనకు అయిదో షెడ్యూలు లేదు. యానాదులు, ఎరుకలోళ్లు, సుగాలీలు ఇక్కడ ఎస్టీలే గానీ, షెడ్యూలు ప్రాంతం రక్షణలు ఇక్కడికి రావు. కొండ మీద మనోళ్లను నీళ్ల కోసం లేపేశారు. ఇక్కడ మనోళ్లు నీళ్ల పక్కనే ఉండి నీళ్లు లేనివాళ్లు.

ఇక్కడ కూడా మూడూ కలిసే ఉన్నాయి, చూడండి. ఈ ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. చెరకు పది పన్నెండు నెలల పంట, నీళ్లు బాగా తాగుతుంది. పిప్పిని కాల్చితే ఆవిరి, కరెంటు. మడ్డి నుంచి ఆల్కహాలు. ఒక్క మొక్కలో నీరు, శక్తి, తిండి. ఆ చెరకు నరికే చేతుల్లో మన చేతులెన్నో! కాస్త ఎగువన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి చల్లదనానికి కృష్ణ నీళ్లే. ఎండాకాలం కాలవలు కట్టేస్తే ముందు ఎండేది గట్టు మీద గుడిసె గొంతు. మురుగు కాలవలో మందుల నీళ్లు కలిస్తే ముందు పోయేది మనోళ్లు పట్టుకునే చేపలు, పీతలు. పొలంలో ఎలుకను కుండపొగ పెట్టి పట్టి రైతు పంట కాపాడేది యానాదే. ఎలుకల మందు చల్లితే ఆ తిండీ పోతుంది, ఆ పనీ పోతుంది.

రైతు మన శత్రువు కాదు. ఈ నేల అన్నం పెడుతోంది, అందులో మన అన్నమూ ఉంది. డెల్టాకు నీళ్లు ఇవ్వొద్దని నేను అనడం లేదు. నీళ్ల లెక్క రాసేటప్పుడు ఇచ్చినవాడి పేరు కూడా రాయమంటున్నాను.

చేయాల్సింది చెప్తాను. ఇది ఇక్కడ నుంచే మొదలవుతుంది.

ఒకటి. గట్టు మీద ప్రతి ఇంటి వివరం రాయండి. స్థలం పట్టా ఉందా, కుళాయి ఉందా, మీటరు ఉందా, రేషను కార్డు ఉందా, కులధ్రువీకరణ పత్రం ఉందా? ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఉంది. పట్టా లేక మీటరు రాదు, మీటరు లేక ఉచితం రాదు. అంత్యోదయ కార్డుకు 35 కిలోల బియ్యం ఉంది. ఆ కార్డుకూ చిరునామా కావాలి. ముడి ఎక్కడ పడిందో ఈ పట్టికే చూపిస్తుంది.

రెండు. మూడు ఆఫీసులకు మూడుసార్లు తిరగొద్దు. నీళ్లు, కరెంటు, తిండి మూడూ ఒకే అర్జీలో రాసి, గ్రామసభలో చదివి, తీర్మానం చేయించండి. కాలవ వెడల్పు చేయాలని గుడిసెలు తీయమంటే, ఇంటి స్థలం చూపించిన తర్వాతే అనండి.

మూడు. ముంపు మండలాల యువతతో మాట్లాడండి. 2013 భూసేకరణ చట్టం భూమి పోయిన ఎస్టీకి భూమే ఇవ్వాలంటుంది: పోయినంత, లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది. ఆ మాట ఎంత అమలైందో వాళ్ల నోటి వెంటే వినండి. వాళ్ల నీళ్లు ఇక్కడ తాగుతున్నాం, వాళ్ల గొంతు కూడా ఇక్కడ వినపడాలి.

కొండ మీద ఊట నీటిని గొట్టంతో ఊళ్లోకి దించుకున్న పల్లెలున్నాయి. మోటారు లేదు, బిల్లు లేదు, ఎవరి ఊరూ మునగలేదు. ఆ పక్కనే కొండవాలులో చోళ్లు, సామలు, కందులు. నీరు, శక్తి, తిండి కలిపి చూడటం మన పెద్దలకు ఎవరూ నేర్పలేదు, బతుకే నేర్పింది. ఇప్పుడు ఆ లెక్క మనం రాయాలి.

పొద్దున కనపడిన ఆ అవ్వ పేరు నేనడగలేదు. సాయంత్రం వెళ్లి అడుగుతాను. మన పట్టికలో మొదటి పేరు ఆమెది కావాలి.

జోహార్.