బంగారము పోయిన తరువాత - విక్టోరియా ఈశాన్యసీమలోని పల్లెపట్టణములు



మన సభ్యులలో కొందరి బిడ్డలు నేడు మెల్బోర్న్ నగరమున ఉద్యోగములు చేయుచున్నారు. పదవీ విరమణానంతరము తల్లిదండ్రులు వారిని చూచుటకు పోవుట పరిపాటియైనది. మన సెలవు ప్రయాణ రాయితీ ఆ ఖండమునకు వర్తింపదు గాని, బిడ్డల ప్రేమకు అట్టి నిబంధనలు లేవు గదా! అయితే పోయినవారిలో అనేకులు నగరమును, సముద్రతీరమును చూచి తిరిగి వచ్చుచున్నారు. వారికి మరియొక ప్రాంతమును పరిచయము చేయుట నా ఉద్దేశము. అది విక్టోరియా రాష్ట్రపు ఈశాన్యసీమ. సిడ్నీకి పోవు రహదారిపై సుమారు 250 కిలోమీటర్లు పోయినచో వాంగరట్టా పట్టణము వచ్చును. అచటినుండి ఓవెన్స్ నదీలోయలో ఎగువకు పోయిన కొలది మైదానము సన్నగిలి కొండలు దగ్గరకు వచ్చును. మిలావా, బీచ్‌వర్త్, మిర్టిల్‌ఫర్డ్, బ్రైట్ అనునవి ఆ ప్రాంతపు ఊళ్లు.

ఈ ఊళ్లకు అందమిచ్చినది ప్రకృతి ఒక్కటే కాదు. ఒక జీవనాధారము పోయినప్పుడెల్ల, మిగిలినదానితో మరియొక జీవనాధారమును కూర్చుకొనుట వీరికి అవసరమైనది. యాత్రికుడు అచట తిను ఆహారమునందును, త్రొక్కు సైకిలునందును ఆ చరిత్రయే యున్నది.

మొదట బంగారము సంగతి. 1852 ఫిబ్రవరిలో నేటి బీచ్‌వర్త్ చెంత వాగులో బంగారము దొరకినది. వేలకొలది జనులు వచ్చి చేరిరి. తేనెరంగు గ్రానైటు రాతితో న్యాయస్థానము, కారాగారము, తంతి కార్యాలయము లేచినవి. ఇనుప కవచము ధరించి పోలీసులతో పోరాడిన నెడ్ కెల్లీపై ప్రాథమిక విచారణ 1880 ఆగస్టులో ఈ న్యాయస్థానముననే జరిగినది. ఆ నవంబరు 11వ తేదీన మెల్బోర్న్‌లో అతని నురితీసిరి. అతడు దొంగయా, వీరుడా యను వాదము నేటికిని ముగియలేదు. బంగారము తరిగిన పిదప కొత్త కట్టడములు లేచుట తగ్గినది, పాతవి నిలిచినవి. ఆ నిలిచిన రాళ్లే నేడు ఊరికి అన్నము పెట్టుచున్నవి.

కాని ఆ కాలము అందరికిని బంగారుకాలము కాదు. చైనానుండి వచ్చినవారిపై 1855లో విక్టోరియా శాసనసభ తలకు 10 పౌనుల పన్ను విధించినది. అది తప్పించుకొనుటకు వారు పొరుగు రాష్ట్రపు రేవున దిగి, వందల మైళ్లు నడచి గనులకు చేరిరి. 1857 జూలై 4వ తేదీన బక్లండ్ లోయలో యూరపియను గనివాండ్రు గుంపుగా పైబడి, సుమారు 2,000 మంది చైనీయులను తరిమివేసిరి. వారి గుడారములు దగ్ధమైనవి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. బీచ్‌వర్త్ శ్మశానవాటికలో చైనీయులు తమ పితరులకు కాగితపు కానుకలను కాల్చి అర్పించిన రెండు చిన్న గోపురము లున్నవి. పరదేశమున ఉద్యోగము చేయు బిడ్డలు గల మనము ఆ గోపురముల యొద్ద ఒక నిమిషమైన నిలువవలెను.

రెండవది రైలు. 1890లో బ్రైట్ వరకు వచ్చిన రైలుమార్గము 1980వ దశకమున మూతపడినది. పట్టాలు తీసిన కట్టను జనులు వ్యర్థముగా విడువలేదు. సైకిలు బాటగా మార్చిరి. వాంగరట్టానుండి బ్రైట్ వరకును, ఒక శాఖ బీచ్‌వర్త్‌కును పోవుచున్నది. ఆవిరియంత్రము నిట్టనిలువుగా ఎక్కజాలదు గనుక పూర్వపు ఇంజనీర్లు వాలును మెల్లగా నిచ్చిరి. ఆ మెల్లదనమే నేడు వయసు మళ్లినవారికిని వరమైనది. బీచ్‌వర్త్ శాఖ మాత్రము ఎడతెగని ఎక్కుడు. దానిని పైనుండి క్రిందికి దిగుట సుఖము.

మూడవది పొగాకు. ఇది మనకు మిక్కిలి దగ్గరి విషయము. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇటలీనుండి వచ్చిన కుటుంబములు మిర్టిల్‌ఫర్డ్ చుట్టుపట్ల పొగాకు పండించినవి. ఒంగోలు, కందుకూరు, జంగారెడ్డిగూడెము ప్రాంతములవారు ఆ లోయలో ఎత్తైన పాత గదులను చూచినచో, ఇవి మన బ్యారన్లే గదా యని గుర్తుపట్టుదురు. ఆకును అందులో వ్రేలాడదీసి వేడితో ఆరబెట్టెడివారు. 2006లో అచటి పొగాకు సేద్యము ముగిసినది. రైతులలో కొందరు ద్రాక్షకును, పశుపోషణకును, అక్రోటు తోటలకును మరలిరి. బ్యారన్లు కొన్ని శిథిలమైనవి. కొన్ని కొట్లుగాను నివాసములుగాను మారినవి. పంట మారుటయన్నది కాగితముమీద ఒక పంక్తి. కుటుంబమునకు మాత్రము అది ఒక తరము నేర్చిన పనిని విడుచుట.

ఇక ఆహారము. మిలావాలో వెన్న తయారుచేసిన పాత కర్మాగారమున 1988 నుండి చీజు తయారు చేయుచున్నారు. ఆ ఊరిలోనే ఆవముద్దలు, సీమ ద్రాక్షాసవములు దొరకును. ద్రాక్షాసవము సేవింపనివారికి లోపమేమియు లేదు: బీచ్‌వర్త్ తేనె, స్టాన్లీ ఆపిలుపండ్లు, కాల్చిన చెస్ట్‌నట్ కాయలు కలవు. ఉత్తరమున రూథర్‌గ్లెన్ ఊరు మస్కట్ ఆసవమునకు ప్రసిద్ధి. దానిని పీపాలలో ఏండ్ల తరబడి మాగనిత్తురు. మనకు వేసవి సెలవులు వచ్చు ఏప్రిల్, మే మాసములలో అచట ఆకురాలు కాలము. బ్రైట్ వీథులలో వలస వచ్చినవారు నాటిన ఐరోపా వృక్షములు అప్పుడు పసుపును, కుంకుమయు కలిపి చల్లినట్లుండును.

కొండలమీదికి పోయినచో మౌంట్ బఫెలో కలదు. 1898లోనే అచటి భూమిని జాతీయవనముగా ప్రత్యేకించిరి. మంచుపై జారువారిని పైకి చేర్చు ఆస్ట్రేలియాలోని మొదటి యంత్రమును 1936లో అచటనే నెలకొల్పిరి. కాని ఆ కొండల అతి ప్రాచీన యాత్రికులు వేరు. బోగాంగ్ శలభములు ప్రతి వసంతమున మైదానములనుండి వేయి కిలోమీటర్ల వరకు ఎగిరివచ్చి, వేసవి యంతయు చల్లని రాతి పగుళ్లలో నిదురించును. అవి నక్షత్రములను చూచి దిక్కు తెలిసికొనునని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ధుధురోవా, జైత్మథాంగ్ మున్నగు ఆదివాసి జాతులవారు వేసవిలో కొండలకు చేరి, ఈ శలభములను కాల్చి భుజించి, సమావేశములు జరుపుకొనెడివారు. ఆ నేల వారిది. బంగారమునకు ముందే పశువుల మందలతో వచ్చినవారు దానిని ఆక్రమించిరి. శలభముల సంఖ్యయు 2017 తరువాత అనావృష్టివలన కూలిపోగా, 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము వానిని ప్రమాదమున నున్న జాతులలో చేర్చినది.

నేటి జీవనాధారమైన యాత్రికవ్యాపారము మాత్రము శాశ్వతమా? 2020 జనవరిలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు బ్రైట్ విడిచి పొండని యాత్రికులను అధికారులు కోరిరి. కిటకిటలాడవలసిన మాసమున ఊరు ఖాళీయైనది. ఆ వెనుకనే మహమ్మారి వచ్చినది. బంగారము, రైలు, పొగాకు పోయినట్లు ఇదియు పోవునేమో యను భయము వారికి తెలియనిది కాదు.

కావున పోవువారికి నా మనవి. అగ్గి నిషేధించిన దినమున ఆరుబయట పొయ్యి వెలిగింపకుడు. ఒక్క పూటలో చుట్టివచ్చి ఛాయాచిత్రములతో తృప్తిపడక, రెండు రాత్రులైన అచట బస చేయుడు. చిన్న కొట్టులో తేనెసీసా యొకటి కొని, అమ్మువారిని, వారి తండ్రి ఏమి పండించెనో అడుగుడు. మన పొగాకు రైతులకు ఆ ప్రశ్న అడుగవలసిన దినము వచ్చినప్పుడు, ఆ లోయ చెప్పిన సమాధానము మనకు పనికివచ్చును.